తుపాకీ శుభ్రం చేసే కిట్ తెరిచే ముందు

కిట్ సంగతి తర్వాత, ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూడండి. రెండు గొట్టాల 12 బోరు తుపాకీ అయితే కీలు దగ్గర వంచి తెరిచి పట్టుకుని, రెండు గొట్టాల్లోంచీ అవతలి వెలుతురు కనిపించాలి. కళ్లతో చూశాక చిటికెన వేలు కూడా పెట్టి చూడండి. మీరు శుభ్రం చేసే గదిలోనే తూటాలు ఉండకూడదు.

విజయవాడలో బ్యాంకు కాపలా చేసే మాజీ సైనికులకు పుల్‌త్రూ (గొట్టంలోంచి గుడ్డను లాగే తాడు), చిందీ (ఆ గుడ్డ ముక్క) కొత్త కాదు. సంచిలో పట్టేది కదా అని మూడు ముక్కల స్టీలు రాడ్ మాత్రం కొనేయకండి. బిగించి, అతుకు మీద గోరు నడపండి. గోరు తట్టుకుంటే ఆ అంచే గొట్టం లోపల గీతలు పెడుతుంది. ఇత్తడి రాడ్ గానీ, ప్లాస్టిక్ తొడుగున్న కేబుల్ గానీ మేలు.

బ్రష్ కొలత బోరుకు, అంటే గొట్టం లోపలి వెడల్పుకు, సరిపోవాలి: 12 బోరుకు సుమారు 18.5 మి.మీ., పాయింట్ 22 రైఫిల్‌కు 5.6. కంచు లేదా నైలాన్‌దే తీసుకోండి.

కొబ్బరినూనె వద్దు, జిగురుకట్టి పోతుంది. గన్ ఆయిల్ చిన్న సీసా చాలు, కానీ మూత మరతో బిగిసేదై ఉండాలి.

సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) వాడేటప్పుడు కిటికీలు తెరవండి, గ్యాస్ పొయ్యి దగ్గర కూర్చోవద్దు.

మే నెలలో చేతి చెమట ఒక్కటి చాలు, ఇనుము తుప్పు పట్టడానికి. వేలిముద్రలు పడ్డచోటల్లా నూనె గుడ్డతో తుడిచాకే పెట్టెలో పెట్టండి. చివర్లో సబ్బుతో చేతులు కడగండి, మసిలో సీసం ఉంటుంది. అన్నం ఆ తర్వాతే.