ఇంటికి గంట దూరంలో శరదృతువు

పంచాంగం ఆశ్వయుజ, కార్తీక మాసాలను శరదృతువు అంటుంది. విజయవాడ, గుంటూరుల్లో కాపురం ఉండేవారికి మాత్రం దసరా వెళ్లేదాకా ఆ మాట మీద నమ్మకం కుదరదు, ఎందుకంటే అక్టోబరు మధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో ఒక చుట్టు తిరిగి వస్తే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. అయినా ఋతువు వచ్చే ఉంటుంది. తెల్లవారాక రెండు గంటలు, పొద్దు వాలే ముందు ఒక గంట అది మన చేతికి దొరుకుతుంది. కాబట్టి ఈ రెండు నెలల్లో ఎక్కడికి వెళ్లాలన్నా ముందు వేళ నిర్ణయించుకుని, ఆ తర్వాతే చోటు ఎంచుకోవాలి. ఉదయమైతే తొమ్మిదికల్లా నీడకు చేరేటట్లు, సాయంత్రమైతే నాలుగు దాటాక బయలుదేరేటట్లు చూసుకోవాలి. నవంబరు నడిమికి ఐదున్నరకే పొద్దు గూకుతుందన్న సంగతి మరిచిపోకూడదు.

రెండో నియమం, ఒక పూటకు ఒకే చోటు. ఒక ఆదివారం ఉండవల్లి, మంగళగిరి, అమరావతి మూడింటినీ ఒకే రోజున చుట్టి రావాలని బయలుదేరి, మంగళగిరి కొండ మెట్ల దగ్గరే పిల్లలు ఏడుపు లంకించుకోగా, పానకం తాగించి వెనక్కి తిరిగి వచ్చిన అనుభవం నాకుంది. ఆ రోజు గుర్తున్నది పానకం ఒక్కటే.

వాన సంగతి కూడా ముందే చూసుకోవాలి. నైరుతి రుతుపవనాలు అక్టోబరులో వెనుదిరుగుతాయి. ఆ వెంటనే ఈశాన్య రుతుపవనాలు అందుకుంటాయి, బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు పుట్టే కాలం కూడా ఇదే. అల్పపీడనం వార్త వినబడితే ప్రయాణం వాయిదా వేసుకోవడం మంచిది. అది తేలిపోయిన మర్నాటి ఉదయం మాత్రం వదులుకోకూడదు, ఎందుకంటే గాలిలో దుమ్మంతా అణిగి, ఇంద్రకీలాద్రి మీద రాళ్లు సైతం విడివిడిగా కనిపించేది ఆ ఒక్క పూటే.

అలాంటి ఉదయానికి అన్నిటికన్నా దగ్గరి చోటు ప్రకాశం బ్యారేజీ. కృష్ణా నది మీద 1957లో పూర్తయిన ఈ ఆనకట్ట పొడవు సుమారు 1,224 మీటర్లు, అంటే తాపీగా నడిస్తే ఒక వైపుకు ఇరవై నిమిషాలు. ఆరు గంటలకు విజయవాడ వైపు నుంచి మొదలుపెట్టి సీతానగరం దాకా నడిచి, అక్కడ టీ తాగి వెనక్కి వస్తే పూట నిండుతుంది. ఎగువన నిండుగా నిలిచిన నీరు, దిగువన ఇసుక తిన్నెలు, వాటి మీద పూసిన రెల్లు. శరత్తుకు మన కవులు పెట్టిన గుర్తు ఈ రెల్లు పూలే. ఎండ ఏటవాలుగా పడినంతసేపే అవి వెండిలా మెరుస్తాయి, ఎనిమిది దాటితే వట్టి గడ్డిలా కనిపిస్తాయి. దసరా రోజుల్లో బ్యారేజీ మీద రాకపోకలకు ఆంక్షలు ఉంటాయి కనుక ఈ నడకను నవరాత్రులకు ముందో తర్వాతో పెట్టుకోవాలి. అమ్మవారి దర్శనం వేరు, కొండ మీది దీపాల వెలుగు చూడటం వేరు. రెండోదే కావాలనుకునేవారు మూలా నక్షత్రం నాటి రద్దీలో చిక్కుకోకుండా, ఏదో ఒక సాయంత్రం సీతానగరం ఘాట్‌లో కూర్చుంటే కొండంతా నీటిలో తలకిందులుగా కనిపిస్తుంది.

పడవ ఎక్కే విషయంలో మొహమాటం పనికిరాదు. ఎగువన వరద ఉంటే భవానీ ద్వీపానికి పడవలు ఆపేస్తారు. అప్పుడు ఎవరో తెలిసినవారి పడవ ఉందని చెప్పినా ఎక్కకూడదు. శరత్తులో నది ఎప్పుడూ మెత్తగానే ఉంటుందనుకోవడం పొరపాటు: 2009 అక్టోబరు మొదటి వారంలో ఈ బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వెళ్లింది. నది ప్రశాంతంగా ఉన్న రోజున సైతం, 2017 నవంబరు 12న, కార్తీక మాసపు చివరి ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. లైఫ్ జాకెట్ లేని పడవనూ, మీ కళ్లముందే లెక్కకు మించి ఎక్కించుకుంటున్న పడవనూ వదిలేసి గట్టు మీదే కూర్చోవాలి. కార్తీకంలో గట్టు మీద కూర్చోవడం కూడా తక్కువదేమీ కాదు.

గుంటూరు వైపువారికి నేను మొదట చెప్పే చోటు ఉప్పలపాడు. ఊరి చెరువులో నీళ్ల మధ్య నిలిచిన తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కొమ్మకొక వరసగా దిగి ఉంటాయి; గుంటూరు నుంచి పది కిలోమీటర్ల లోపే. ఇక్కడికి సాయంత్రం వెళ్లాలి, ఎందుకంటే పగలంతా మేతకు పోయిన పక్షులు పొద్దు వాలే వేళకు గుంపులుగా తిరిగి వస్తాయి. వెళ్లగానే ఫోన్ తీయకుండా పావుగంట ఊరికే కూర్చోవాలి. మొదట అదంతా ఒకటే తెల్లటి గోలగా తోస్తుంది. కాసేపటికి ఎవరెవరో విడివిడిగా తెలుస్తారు. గూడబాతు వాలడాన్ని ప్రత్యేకంగా గమనించాలి: అంత బరువైన పక్షి రెక్కలు విప్పి, పాదాలు ముందుకు చాచి, కొమ్మ అందగానే రెండు మూడుసార్లు ఊగి నిలదొక్కుకుంటుంది, ఆ ఊపుకు పక్కనున్న నీటికాకి విసుక్కుని లేచిపోతుంది. కొన్ని వారాలు గడిచాక వెళితే పిల్లలు తల్లి ముక్కు కింది సంచిలోకి తలదాకా దూర్చి చేపలు తినడం చూడవచ్చు. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి. లేత రంగు బట్టలు వేసుకుని చెట్ల కింద నిలబడకండి, కారణం అక్కడికి వెళితే మీకే తెలుస్తుంది. చప్పట్లు కొట్టి పక్షులను లేపి ఫొటోలు తీసేవారు ప్రతి ఆదివారం ఎవరో ఒకరు తగులుతారు. వారికి ఊరివాళ్లే బుద్ధి చెబుతారు.

ఉండవల్లి గుహలకు వెళ్లేవారు పై అంతస్తులో పడుకున్న అనంత పద్మనాభస్వామిని చూసి వెంటనే దిగిపోకుండా, అక్కడి వరండాలో నుంచి తోటల వైపు చూస్తూ కాసేపు ఆగాలి. కొండపల్లి వెళితే ఖిల్లా పొద్దున్నే ఎక్కి, దిగివచ్చాక బొమ్మల కాలనీలో తెల్ల పొణికి చెక్కను చెక్కడం చూడటం మంచి వరస. తిరగేసి చేస్తే ఎండలో కొండ ఎక్కాల్సివస్తుంది.

ఇక కార్తీక వనభోజనాలు. బ్యానర్లు, మైకులు, కుల సంఘాల సన్మానాలు ఉన్నవాటి గురించి నేను ఇక్కడ మాట్లాడటం లేదు. రెండు మూడు ఇళ్లవారు కలిసి, తెలిసినవారి తోటలో ఒక పూట గడిపి రావడమే నా ఉద్దేశం. ఉసిరి చెట్టు కింద తినాలన్నది ఆచారం, కానీ ఉసిరి నీడ పలుచన, పైగా దాని సన్నటి ఆకు గాలి వీచినప్పుడల్లా విస్తట్లో రాలుతూనే ఉంటుంది. కాబట్టి పూజ, దీపం ఉసిరి మొదట్లో కానిచ్చి, బంతి మాత్రం పక్కనున్న మామిడి కింద వేయడం సుఖం. మా పెద్దమ్మ దీన్ని ఒప్పుకునేది కాదు, ఒక్క ముద్దయినా ఉసిరి కింద తినాల్సిందే అనేది. అందుకని మేము ప్రసాదం అక్కడ, భోజనం ఇక్కడ అని రాజీపడ్డాం. ఇంకో చిక్కు ఉంది. చాలా ఇళ్లలో ఆదివారం ఉసిరికాయ ముట్టరు, వనభోజనాలేమో ఆదివారమే కుదురుతాయి. పచ్చడి చేసేముందు వచ్చేవారిని ఒక మాట అడగండి. ఆ నెలంతా ఉల్లి, వెల్లుల్లి మానేసినవారు ఎవరైనా ఉన్నారేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

వంట ఇంటి దగ్గర చేసుకుని వెళ్లేవారు మధ్యాహ్నానికి పాడుకానివే ఎంచుకోవాలి. పులిహోరకు అన్నం వార్చగానే పళ్లెంలో ఆరబోసి, వేడిమీదే పసుపు, నూనె, కరివేపాకు వేసి, బాగా ఉడికించి దగ్గరపడిన చింతపండు గుజ్జు కలిపితే సాయంత్రం దాకా నిలుస్తుంది. దద్దోజనంలో పెరుగు పోసి తీసుకెళ్తే ఒంటిగంటకు పుల్లబడుతుంది. మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక గరిటె పెరుగు మాత్రమే కలిపితే తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. గారెలు చల్లారితే గట్టిపడతాయి కాబట్టి పిండి తీసుకెళ్లి అక్కడే వేయడం మేలు, అయితే పొయ్యి కోసం ఎండుటాకులకు దూరంగా మట్టి నేల చూసుకోవాలి. విస్తరాకులు, మట్టి గ్లాసులు వాడితే ఎత్తిపోయాల్సిన చెత్త ఉండదు. తాగేనీళ్లు అనుకున్నదానికి రెండింతలు తీసుకెళ్లాలి; ఈ ఒక్కదానిలో మేము ప్రతిసారీ తప్పుతూనే ఉన్నాం.

బయటికి వెళ్లే వీలు లేనివారికి ఋతువు గంపలో ఎక్కి వీధిలోకే వస్తుంది. సీతాఫలం కొనేటప్పుడు రంగు కన్నా కళ్లు చూడాలి: కాయ మీది బుడిపెల మధ్య గాడులు వెడల్పై, లేత పసుపుగానో గులాబీగానో తేలి ఉంటే రెండు రోజుల్లో పండుతుంది, గాడులు ఇరుకుగా, ఆకుపచ్చగా ఉంటే అది ఎప్పటికీ పండకపోవచ్చు. పచ్చిదాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, నల్లబడి గట్టిగా ఉండిపోతుంది. బియ్యం డబ్బాలో పెట్టి రోజూ ఒకసారి వేలితో మెల్లగా నొక్కి చూస్తే చాలు. పిల్లలు గింజలు కొరకకుండా, వాటితో ఆడిన చేతులు కళ్లకు తగలకుండా చూడాలి, ఎందుకంటే ఆ గింజల పొడి కంటికి హాని చేస్తుంది. కార్తీకం చివరికి సీతాఫలాలు వెనకబడి తేగల కట్టలు దిగుతాయి. లావుపాటి తేగ కన్నా, చిటికెన వేలిని కాస్త మించిన లావున్నది తియ్యగా, పీచు తక్కువగా ఉంటుందని నా అనుభవం. ఉడికించినది మెత్తన, కుండలో పెట్టి కాల్చినది కమ్మన; నా ఓటు కాల్చినదానికే.

పెరట్లోనో పొరుగింటి గోడ పక్కనో పారిజాతం ఉంటే ఐదున్నరకు లేవడానికి అంతకన్నా సాకు అక్కర్లేదు. రాత్రి విచ్చిన పూలు తెల్లవారేసరికి రాలిపోతాయి. రాలినా పూజకు పనికివచ్చే పువ్వు అదొక్కటే అంటారు. ముందురోజు రాత్రే చెట్టు కింద ఊడ్చి పాత నూలు పంచె పరిచి ఉంచితే మట్టి అంటకుండా దొరుకుతాయి. ఎండ తగిలాక ఏరితే కాషాయపు కాడ తప్ప మిగతాదంతా వాడి ఉంటుంది.

పోలి పాడ్యమితో కార్తీక దీపాలు ముగుస్తాయి. ఆ రోజు నాలుగున్నరకల్లా ఘాట్‌కు చేరాలి. థర్మాకోల్ పళ్లాలు అమ్ముతారు, కొనకండి. జానెడు అరటి దొప్ప తెచ్చుకుని, వత్తులు ముందురోజే నేతిలో నానబెట్టి ఉంచుకుంటే గాలికి కూడా నిలుస్తాయి. చివరి మెట్లకు పాచి పట్టి ఉంటుంది కాబట్టి చెప్పులు పైనే వదిలి, ఒకరు వెనక నుంచి చెయ్యి పట్టుకోగా దిగాలి. దొప్పను నీటి మీద మెల్లగా వదిలి, అరచేత్తో నీళ్లను మూడుసార్లు ముందుకు తోస్తే దీపం గట్టు వదిలి కదులుతుంది.