ఎస్ఎంపీఎస్ వైరు కాలుతోందా? వేడి ఎక్కడుందో ముందు చూడండి

పాత కంప్యూటర్‌లో కరెంటిచ్చే పెట్టెని, అంటే ఎస్ఎంపీఎస్‌ని 12 వోల్టుల సప్లైగా మార్చి లోడ్ (దాంతో నడిపే పరికరం) తగిలించాక వైరు వేడెక్కితే, వెంటనే లావు వైరు కొనేయకండి. పది నిమిషాలు నడిపి, మెయిన్స్ ప్లగ్ తీసేసి, వైరును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లతో తడమండి.

పొడవునా ఒకేలా వేడి

వైరు సన్నమైంది. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పసుపు (12 వోల్టుల ప్లస్), నలుపు (మైనస్) వైర్లు మామూలుగా 18 గేజ్, అంటే 0.82 స్క్వేర్ ఎంఎం. (గేజ్ నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది.) ఒక్కోదాని మీద 6–7 ఆంపియర్లకు మించి వేయకండి. 20 ఆంపియర్లు కావాలంటే మూడు పసుపువి, మూడు నల్లవి, అన్నీ ఒకే పొడవులో కలపాలి. పసుపువి మూడు కలిపి నల్లది ఒక్కటే వదిలేస్తారు చాలామంది. వెళ్లిన కరెంటంతా ఆ ఒక్కదాంట్లోంచే తిరిగి రావాలి కదా!

వైరు చల్లగానే ఉంది, లోడ్ దగ్గర వోల్టేజ్ లేదు

షాపులో "15 ఆంపియర్లకి ఒకటిన్నర వైరు చాలు" అంటారు. వైరు కాలదన్నంతవరకు ఆ మాట సరే. ఇక్కడ లెక్క వేరు. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి మీటరుకు సుమారు 13 మిల్లీఓమ్‌లు. లోడ్ 2 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 4 మీటర్లు, మొత్తం 53 మిల్లీఓమ్‌లు. 15 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టు వైరులోనే పోతుంది. 230లో అది ఎవరికీ పట్టదు. 12లో దాదాపు 7 శాతం! ఈ పాత ఎస్ఎంపీఎస్‌లకు ఏటీఎక్స్ (కంప్యూటర్ సప్లైల ప్రమాణం) ఒప్పుకునేది 5 శాతమే, అంటే 0.6 వోల్టు. రెండున్నర వైరు వేస్తే 0.48కి దిగుతుంది, నాలుగు వేస్తే 0.3కి. వోల్టేజ్ కొలిచే మీటరును లోడ్ నడుస్తుండగానే పెట్టాలి, ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ 12 చూపిస్తాయి.

ఒక కొస మాత్రమే కాలుతోంది

తప్పు వైరుది కాదు, జాయింటుది. విశాఖలో పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల పాత వైరు ఒలిస్తే రాగి పోగులు నల్లగానో పచ్చగానో కనిపిస్తాయి. అలాంటి రాగికి సాల్డర్ సరిగా అంటదు. మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించి, లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) పెట్టి క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి. స్క్రూ టెర్మినల్‌లో బిగించే కొసకు సాల్డర్ పూయొద్దు: ఒత్తిడికి సాల్డర్ మెల్లగా జరిగి, కొన్నాళ్లకు స్క్రూ లూజవుతుంది.

కొత్త రెండున్నర వైరే, అయినా వేడి

ఒక పోగును బ్లేడుతో గీరండి. పైన ఎరుపు, లోపల తెలుపు అయితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. నిరోధం ఒకటిన్నర రెట్లు. పైన తెలుపు, లోపల ఎరుపు అయితే తగరం పూసిన రాగి, భేషుగ్గా వాడుకోవచ్చు.

వైర్లు కత్తిరించాక ఎస్ఎంపీఎస్ ఆన్ అవడం లేదు

సన్న గోధుమరంగు వైరు చూడండి. అది 3.3 వోల్టుల సెన్స్ వైరు (ఎస్ఎంపీఎస్ తన వోల్టేజ్‌ని చూసుకునేది), నారింజ వైరుతో కలిసి ఉండాలి.

ఇన్సులేషన్ కరిగింది, ఎస్ఎంపీఎస్ మాత్రం ఆగలేదు

దాని ఓవర్‌కరెంట్ రక్షణ 30, 40 ఆంపియర్లు దాటితేగానీ పడకపోవచ్చు. ఈలోగా సన్న వైరే ఫ్యూజవుతుంది. బయటికి వచ్చే ప్రతి ప్లస్ వైరుకూ ఎస్ఎంపీఎస్ వైపు కొస దగ్గరే బ్లేడ్ ఫ్యూజు (కార్లలో వాడే రకం) వేయండి: ఒంటరి 18 గేజ్‌కి 7.5 ఆంపియర్లు, రెండున్నరకి 20.