ఉద్యోగులకు పంటి వైద్యం కవర్: చిన్న కంపెనీ ఎలా ఇవ్వాలి

కంపెనీలు తీసుకునే గ్రూప్ మెడిక్లెయిమ్‌లో పళ్లకు చోటు దాదాపు ఉండదు. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పంటి ఖర్చు ఇవ్వబోమని మినహాయింపుల పేజీలో రాసే ఉంటుంది. పిప్పి పన్నుకు ఎవరూ ఆసుపత్రిలో చేరరు కదా. అందుకే ఐదు లక్షల పాలసీ ఉన్న ఉద్యోగి కూడా రూట్ కెనాల్‌కు సొంత డబ్బే కట్టుకుంటాడు, లేదా మాత్ర వేసుకుని నెట్టుకొస్తాడు.

పంటి పుచ్చు దానంతటదే మానదు. మొదట్లో ఒక్క సిట్టింగ్‌లో ఫిల్లింగ్‌తో పోయేది, నరం దాకా వెళ్తే రూట్ కెనాల్, పైన క్యాప్ దాకా వస్తుంది. ఇంకా ఆగితే పన్ను పీకించుకుని ఇంప్లాంట్‌కు వెళ్లాలి. కాబట్టి ఈ కవర్‌లో డబ్బు మొదటి మెట్టు మీదే పెట్టాలి. ఏడాదికి రెండు చెకప్‌లు, ఒక క్లీనింగ్, ఎక్స్‌రే, ఫిల్లింగ్‌లు ఉద్యోగి చేతి నుంచి పైసా పడకుండా జరగాలి. లిమిట్ ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.

ముందు జీతాల పట్టిక చూడండి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారు ఈఎస్ఐ కిందికి వస్తారు. అక్కడ పంటి వైద్యం దొరికినా షిఫ్టు వదులుకుని వెళ్లాలి. వారికి మీ కవర్ అనవసరమని తీసేయకండి. సాయంత్రం, ఆదివారం తెరిచే క్లినిక్ వాళ్లకే ఎక్కువ అవసరం.

ఇవ్వడానికి మూడు దారులున్నాయి. మెడిక్లెయిమ్‌కు ఓపీడీ డెంటల్ రైడర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పంటి వైద్యానికి అదనపు కవర్) కలపడం, క్లినిక్‌ల చెయిన్‌తో ఏడాది ప్యాకేజీ మాట్లాడుకోవడం, బిల్లులు చూసి కంపెనీయే డబ్బు తిరిగివ్వడం. మూడోది తేలిగ్గా కనిపిస్తుంది గానీ ఆదాయపు పన్ను చిక్కుంది. 15,000 రూపాయల వరకు ఉన్న వైద్య రీయింబర్స్‌మెంట్ మినహాయింపు 2018-19 నుంచి లేదు. ఇచ్చిన 5,000 జీతంలో కలుస్తుంది, 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి సెస్‌తో కలిపి 1,560 పోతుంది. కంపెనీ కట్టే గ్రూప్ ఆరోగ్య బీమా ప్రీమియంపై మాత్రం ఉద్యోగికి పన్ను పడదు.

రైడర్ లెక్క ఇలా వేయండి. 60 మందికి, మనిషికి 5,000 లిమిట్‌తో బీమా కంపెనీ 1,500 అడిగిందనుకుందాం. 90,000 ప్రీమియం, 18 శాతం జీఎస్టీ 16,200, మొత్తం 1,06,200. అందులో 20 మంది సగటున 3,000 వాడుకుంటే తిరిగి వచ్చేది 60,000. ఈ తేడా చూసి చాలామంది రైడర్‌ను ఐచ్ఛికం చేస్తారు. అదే పెద్ద తప్పు. అప్పుడు పళ్లు పాడైనవాళ్లే చేరతారు, క్లెయిమ్‌లు ప్రీమియాన్ని దాటిపోతాయి, మరుసటి రెన్యువల్‌లో రేటు మండిపోతుంది. లిమిట్ తగ్గించైనా సరే, అందరికీ ఇవ్వండి.

కొటేషన్ వచ్చాక బ్రోకర్‌ను ఇవి రాతపూర్వకంగా అడగండి: వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ చేసుకోవడానికి ముందు ఆగాల్సిన కాలం) ఉందా, రూట్ కెనాల్‌తో పాటు క్యాప్ కూడా వస్తుందా, పాలసీకి ముందే ఉన్న పుచ్చుకు ఇస్తారా, నెట్‌వర్క్ క్లినిక్ ఆఫీసుకు ఎంత దూరం. క్యాప్ విషయం ప్రత్యేకం. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను క్యాప్ లేకపోతే నమిలేటప్పుడు పగిలిపోవచ్చు. సగం వైద్యానికి డబ్బిచ్చి మిగతా సగానికి ఇవ్వని రైడర్ ఎందుకు? నల్లగొండ వైపు ఫ్యాక్టరీ అయితే ఫ్లోరైడ్ మచ్చల సంగతీ తేల్చుకోండి. వాటి చికిత్సను అందం కోసమని తోసిపుచ్చే అవకాశం ఉంది.

క్లెయిమ్‌లు ఎక్కువగా తిరిగి వచ్చేది కాగితాల దగ్గరే. ప్రిస్క్రిప్షన్ మీద చికిత్స చేసిన పంటి నంబర్ ఉండాలి. డెంటిస్టులు రెండంకెలు వాడతారు, 46 అంటే కింది దవడలో కుడివైపు మొదటి పెద్ద పన్ను. చికిత్సకు ముందూ తర్వాతా ఎక్స్‌రే, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్, పూర్తి బిల్లు కావాలి. అడ్వాన్స్ రసీదు చెల్లదు. గార తీయించుకున్నదాన్ని బిల్లులో 'వైటెనింగ్' అని రాస్తే అది కాస్మెటిక్ అయిపోతుంది. ఈ నాలుగు మాటలూ ఒక పేజీ మీద తెలుగులో అచ్చు వేసి అందరికీ ఇవ్వండి.

మొదటి నెలలో ఆఫీసులోనే చెకప్ క్యాంపు పెడితే వాడకం మొదలవుతుంది. గుట్కా, ఖైనీ అలవాటున్నవారి నోటి లోపలి చర్మం కూడా చూడమని డాక్టర్‌కు ముందే చెప్పండి. రిపోర్టు ఉద్యోగి చేతికే వెళ్లాలి, హెచ్ఆర్‌కు వద్దు. రూట్ కెనాల్‌కు రెండు మూడు సిట్టింగ్‌లు పట్టవచ్చు, ప్రతిసారీ సగం రోజు సెలవు కోసే బదులు రెండు గంటల పర్మిషన్ చాలు.

ఉద్యోగం మానేసేవారికి నోటీసు కాలంలోనే మిగిలిన సిట్టింగ్‌లు పూర్తి చేసుకోమని చెప్పండి. ఎక్కువ పాలసీల్లో చివరి పనిదినంతో కవర్ ఆగిపోతుంది, క్యాప్ మిగిలిపోతే ఆ ఖర్చు వాళ్ల మీదే పడుతుంది. మానేసినవారి పేర్ల తొలగింపు బీమా కంపెనీకి ప్రతి నెలా పంపండి. క్లెయిమ్ చేసుకోనివారి ప్రీమియంలో మిగిలిన భాగం సాధారణంగా వెనక్కి వస్తుంది.