కారు బీమా చట్టం – 4వ పాఠం: బీమా లేకుండా బండి తీస్తే

గత పాఠంలో థర్డ్ పార్టీ బీమాకూ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునేది), సొంత బండి నష్టానికి తీసుకునే బీమాకూ తేడా చూశాం. భారతదేశంలో చట్టం తప్పనిసరి చేసింది మొదటిదాన్నే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ఆ మాట చెబుతుంది. తప్పితే పడే శిక్ష 196లో ఉంది.

2019 సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. జైలు గడువు మాత్రం అంతే.

196ను నిదానంగా చదవాలి. బండి నడిపినవాళ్లనే కాదు, నడిపించినవాళ్లనూ నడపనిచ్చినవాళ్లనూ అది పట్టుకుంటుంది. బీమా లేని కారు తాళాలు బావమరిది చేతిలో పెట్టి మీరు ఇంట్లో కూర్చున్నా కేసు మీ దాకా రావచ్చు. 146 వర్తించేది బహిరంగ స్థలంలో వాడకానికి. వీధి మలుపు దాకా వెళ్లొచ్చినా అది వాడకమే.

పాలసీ ఉండి కాగితం చేతిలో లేకపోవడం వేరే సంగతి. ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపిస్తే చెల్లుతుంది. అప్పటికప్పుడు చూపలేకపోతే, అడిగిన అధికారికి 15 రోజుల్లోగా అందజేసే వీలు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వది ఇస్తోంది. అడిగిన రోజుకు పాలసీ అమల్లో ఉండాలి. చలానా పడ్డాక కొన్న పాలసీ పాత తప్పును మాపదు.

నిజానికి 2,000 చిన్న లెక్క. అసలు దెబ్బ ప్రమాదం జరిగితేనే. మనిషి చనిపోయినా గాయపడినా ట్రిబ్యునల్ (మోటారు ప్రమాదాల పరిహారం కేసులు వినే ప్రత్యేక న్యాయస్థానం) పరిహారం నిర్ణయిస్తుంది. పోయిన వ్యక్తి వయసు, సంపాదన, మీద ఆధారపడ్డవాళ్ల సంఖ్య చూసి కట్టే ఆ లెక్క లక్షల్లో తేలడం మామూలే. థర్డ్ పార్టీ పాలసీలో ప్రాణనష్టానికి పరిమితి లేదు కాబట్టి అంత సొమ్మూ బీమా కంపెనీ కడుతుంది. పాలసీ లేకపోతే యజమాని ఇల్లూ పొలమూ జప్తుకు రావచ్చు. పైగా ప్రమాదంలో చిక్కిన బీమా లేని బండిని, పరిహారానికి తగిన పూచీ చూపందే కోర్టు విడుదల చేయదు.

ఎక్కువమంది బోల్తా పడేది 90 రోజుల దగ్గర. గడువు తీరాక 90 రోజుల్లో రెన్యువల్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నిలుస్తుంది. నిలిచేది అదొక్కటే. ఆ రోజుల్లో బండికి రక్షణ ఉండదు, పోలీసు ఆపితే చలానా తప్పదు. ప్రీమియానికి ఇచ్చిన చెక్కు బౌన్స్ అయినా ఇదే గతి పట్టొచ్చు: ప్రీమియం అందందే కంపెనీ మీద బాధ్యత పడదని బీమా చట్టం, 1938లోని 64వీబీ సెక్షన్ చెబుతుంది.

అభ్యాసం: పాలసీ 10వ తేదీ అర్ధరాత్రితో ముగిసింది. 11న ఉదయం 9 గంటలకు ప్రీమియం కట్టారు. కొత్త పాలసీ మీద ‘12వ తేదీ 00:00 నుంచి’ అని ఉంది. 11న సాయంత్రం ప్రమాదం జరిగింది. పరిహారం ఎవరిది?

జవాబు: యజమానిది. డబ్బు కట్టిన గంట కాదు, పాలసీలో రాసిన ఆరంభ సమయం చూడాలి. మీ పాలసీ మొదటి పేజీ తీసి ఆ తేదీతోపాటు గంట కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. పాత కారు కొన్నప్పుడు పాలసీని 14 రోజుల్లో పేరు మార్పించుకోవడం 5వ పాఠంలో.