పాత డైరీలు చదవడం ఎలా? - 3వ పాఠం: రాయని మాట

గత రెండు పాఠాల్లో డైరీ ఎవరు రాశారు, ఎక్కడ కూర్చుని రాశారు, ఎవరు చదువుతారని రాశారు అన్న ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకున్నాం. ఇవాళ్టి పని కాస్త కష్టం. కాగితం మీద లేనిదాన్ని చదవాలి.

ఇందుకు నేను తీసుకున్నది అమీలియా స్టూవర్ట్ నైట్ డైరీ. భర్త, ఏడుగురు పిల్లలతో 1853లో అమెరికాలో అయోవా నుంచి పడమటి తీరంలోని ఆరెగాన్ దాకా ఎడ్లు లాగే గూడు బళ్ళ మీద వెళ్ళిన ఇల్లాలు ఆమె. ఏప్రిల్ 9న బయల్దేరారు. సెప్టెంబరు నెల సగం దాటేదాకా దారిలోనే ఉన్నారు. డైరీ నిండా వాన, బురద, ఏరు దాటడం, పశువులకు గడ్డి దొరికిందా లేదా, ఈ రోజు ఎన్ని మైళ్ళు వచ్చాం, ఏ పిల్లకు ఒంట్లో బాగాలేదు... ఇవే. మొదటిసారి చదివినప్పుడు నాకు మైళ్ళ లెక్కలే గుర్తుండిపోయాయి.

ఆఖరి పేజీకి వచ్చాక ఒక్క చిన్న వాక్యం ఉంటుంది. కొన్నాళ్ళకు తనకు ఎనిమిదో బిడ్డ పుట్టిందని. అంతే. అంతకుముందు అయిదు నెలల రాతలో తను గర్భవతినన్న మాట ఎక్కడా లేదు.

ఇక్కడ డైరీ మూసేయకండి. పెన్సిల్ తీసుకుని మొదటి పేజీకి వెళ్ళండి. కాన్పు సెప్టెంబరులో అయితే, తొమ్మిది నెలలు వెనక్కి లెక్కేస్తే డిసెంబరు. అంటే బండెక్కిన రోజుకు ఆమెకు సుమారు నాలుగో నెల. ఇప్పుడు ప్రతి తేదీ పక్కన, అంచులో, ఎన్నో నెలో వేసుకుంటూ రండి. జూలై మొదట్లో ఏడో నెల. ఆగస్టు మొదట్లో ఎనిమిదో నెల. ఆరెగాన్ చేరే ముందు కాస్కేడ్ కొండల్లో, బళ్ళను తాళ్ళు కట్టి కిందికి దించాల్సిన బార్లో రోడ్డు మీద, నెలలు నిండిన మనిషి. అవే వాక్యాలు, అవే మైళ్ళు. కానీ ఈసారి అవి చదువుతుంటే గుండె బరువెక్కుతుంది.

మరి ఎందుకు రాయలేదు? దాచిందని వెంటనే అనేయకండి. అది కొత్తగా చదివేవాళ్ళందరూ చేసే తప్పు. ఆ కాలంలో అమెరికాలో గర్భం గురించి ఆడవాళ్ళు బాహాటంగా రాసుకునేవాళ్ళు కాదు. మన భాషలో కూడా 'వట్టి మనిషి కాదు' అని ఊరుకుంటాం కదా. ఆ మాటలో గర్భం అన్న పదమే లేదు, అయినా విన్నవాళ్ళకు తెలుస్తుంది. కాబట్టి రాయకపోవడం ఒక్కోసారి మర్యాద, ఒక్కోసారి అలవాటు. బాధ అయినా కావచ్చు. ఏదన్నది ఇంకో ఆధారం దొరికితేనే చెప్పాలి.

అలాంటి ఆధారం ఎలా వెతకాలో ఆగస్టు 8 నాటి రాతలో చూద్దాం. ఆ రోజు 22 మైళ్ళు నీళ్ళు లేని దారి. బయల్దేరే తొందరలో లూసీ అనే కూతురు వెనకే ఉండిపోయింది. నది గట్టు కింద కూర్చుందట, బళ్ళు కదులుతున్నాయని తెలియలేదు. కొన్ని మైళ్ళు వెళ్ళి పశువులకు విశ్రాంతి ఇవ్వడానికి ఆగేదాకా ఎవరూ గమనించలేదు. ఇంతలో వెనక వస్తున్న ఇంకో బళ్ళ గుంపు పిల్లను తెచ్చి అప్పగించింది. ఎలా జరిగిందో కూడా తల్లి రాసింది. లూసీ ఇంకో బండిలో ఉందని తను అనుకుంది. ఆ బండివాళ్ళు అడిగితే, అమ్మ బండిలో ఉందని ఇంకో పిల్ల చెప్పింది, ఎందుకంటే లూసీ తల దువ్వించుకోవడానికి తరచూ అమ్మ బండికి వచ్చేది.

ఆ తల దువ్వడం దగ్గర ఆగండి. రోజంతా బండి కుదుపుల్లో, ఎనిమిదో నెలలో, ఆమె పిల్లల తలలు దువ్వుతూనే ఉంది. ఆ పని గురించి విడిగా ఎక్కడా గొప్పగా రాసుకోలేదు. పిల్ల తప్పిపోయిన కారణం చెప్పబోయి అనుకోకుండా బయటపెట్టింది. డైరీలో నిజమైన ఆధారాలు ఎక్కువగా ఇలాంటి చోటే దొరుకుతాయి, వేరే సంగతి చెబుతూ జారిపోయిన మాటలో.

ఇంకొకటి. లూసీ బాగా భయపడిందని రాసి, మాలో ఇంకొందరు కూడా భయపడ్డారని అంటుంది. 'నేను' అనదు. ఇక్కడ ఆమె భయం ఉందని నేను నమ్ముతాను. కానీ నా నోటుపుస్తకంలో దాన్ని వేరే రంగు పెన్సిల్‌తో రాసుకున్నాను. ఆమె రాసింది నలుపు, నేను ఊహించింది ఎరుపు. ఈ రెండూ కలిపేస్తే అది ఆమె జీవితం కాదు, మన కథ అయిపోతుంది.

వచ్చే పాఠం లోపు మీరు చేయాల్సింది: ఆ డైరీ చివరి వాక్యాలు. కాన్పు తర్వాత వాళ్ళు పడవలు, తెప్పల మీద కొలంబియా నది దాటారు, మూడు రోజులు పట్టింది. అవతల రెండు జతల ఎడ్లు ఇచ్చి అర సెక్షన్ భూమి తీసుకున్నారు, అంటే 320 ఎకరాలు. అందులో అర ఎకరం బంగాళాదుంపలు, ఒక చిన్న దుంగల ఇల్లు, కిటికీల్లేని వసారా. నలుపు పెన్సిల్‌తో ఆమె చెప్పినవన్నీ రాయండి. తర్వాత ఎరుపుతో రెండు ప్రశ్నలకు జవాబు వెతకండి. ఆ నేల అంతకుముందు ఏ జాతుల వాళ్ళది, వాళ్ళ పేరు ఆ వాక్యంలో ఎందుకు రాలేదు? నది దాటేటప్పుడు పసిబిడ్డకు ఎన్ని రోజులు ఉండవచ్చు?