ఇద్దరే కారులో కొండల్లోకి: ఘాట్ రోడ్డు ప్రయాణం ఎలా చేయాలి?

కొండల్లో దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేస్తే ప్లాన్ మొదటి రోజే తలకిందులవుతుంది. మ్యాపులో రెండు ఊళ్లు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో ఒక కొండంతా ఎక్కి దిగాలి. అందుకే ముందుగా రోజుకు ఎన్ని గంటలు బండి నడపాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఐదు గంటలు దాటకపోవడం మంచిది. మలుపుల రోడ్డు మీద గంటకు పాతిక, ముప్పై కిలోమీటర్లు సాగితే బాగానే వెళ్తున్నట్టు లెక్క. ఫోన్‌లో మ్యాప్ నాలుగు గంటలు చూపిస్తే ఆరు గంటలు వేసుకోండి. దారిలో ఆగి చూడటానికేగా వెళ్తోంది!

తెల్లవారగానే బయలుదేరడం అలవాటు చేసుకోండి. ఎండకు వేడెక్కిన గాలి కొండవాలు వెంట పైకి లేస్తుంది, దాంతో మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముకోవడం ఎక్కువ. పొద్దున కనిపించిన శిఖరం భోజనం వేళకు కనిపించకపోవచ్చు. పైగా లోయలో పొద్దు తొందరగా పోతుంది. సూర్యాస్తమయానికి ఇంకా గంట ఉందనుకునేలోపే సూర్యుడు కొండ చాటుకు వెళ్లిపోతాడు. నాలుగింటికల్లా బసకు చేరేలా చూసుకోండి, రాత్రి ఘాట్ రోడ్డు వద్దే వద్దు.

బండి సంగతి

టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, కూలెంట్, వైపర్లు, లైట్లు మెకానిక్‌కు చూపించండి. బ్రేక్ ఆయిల్ పాతదైతే మార్పించండి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. చాలామంది మర్చిపోయేది స్టెప్నీలో గాలి. జాక్ ఎలా వాడాలో ఇంటి దగ్గరే ఇద్దరూ ఒక టైరు విప్పి బిగించి నేర్చుకోండి. ట్యాంక్ సగానికి రాగానే బంకు కనిపిస్తే నింపేయండి. మ్యాపులను ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ పోయినా జీపీఎస్ ఉపగ్రహాల నుంచి పనిచేస్తూనే ఉంటుంది, లోపల మ్యాప్ లేకపోతేనే తెర ఖాళీగా కనిపిస్తుంది.

బట్టల విషయంలో ఒక్క లెక్క చాలు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. స్వెట్టర్లను డిక్కీలో అడుగున పెట్టకండి.

పక్క సీట్లో ఉన్నవాళ్ల పని

ఇద్దరి ప్రయాణంలో టెన్షన్ అంతా ఇక్కడే పుడుతుంది, కాబట్టి పనులు ముందే పంచుకోండి. మ్యాప్, ఫోన్లు, పాటలు, ఏసీ, నీళ్ల సీసా పక్క సీటువే. నడిపేవాళ్లకు రోడ్డు ఒక్కటే. లోయను నడిపేవాళ్లూ చూడాలంటే బండి ఆపాల్సిందే. "ఆపు" అని ఒకరంటే రెండోవాళ్లు ఎందుకని అడగకూడదు, రోడ్డు వెడల్పయిన చోటు రాగానే ఆపాలి. మలుపులో మాత్రం ఎంత మంచి ఫొటో పోతున్నా ఆపొద్దు. వెనక వచ్చే బండికి మీరు కనిపించరు.

పక్క నుంచి "గేరు మార్చు", "నెమ్మదిగా పో" లాంటి సలహాలు గొడవకే దారి తీస్తాయి. కనిపించింది చెప్పండి చాలు: "ఎదురుగా లారీ", "రోడ్డు మీద రాళ్లున్నాయి". ఏం చేయాలో నడిపేవాళ్లు చూసుకుంటారు. దీనికి ఒకటే మినహాయింపు. "నాకు భయమేస్తోంది" అన్నప్పుడు వాదించకుండా వేగం తగ్గించాలి.

రెండు గంటలకోసారి స్టీరింగ్ మార్చుకోండి. మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్లకు నడిపే అవకాశం ఎక్కువ ఇస్తే మేలు. రాబోయే మలుపు నడిపేవాళ్లకు ముందే తెలుస్తుంది కాబట్టి వాళ్లకు వికారం తక్కువ. వాంతుల మాత్ర వేసుకుంటే మాత్రం ఆ రోజు స్టీరింగ్ ముట్టొద్దు, చాలావాటికి నిద్ర వస్తుంది. పక్కన కూర్చున్నప్పుడు ఫోన్ చూడకుండా దూరంగా చూపు నిలపండి.

ఎక్కేటప్పుడు

ఇరుకు రోడ్డులో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వడం మర్యాద. వాలు మీద ఆగి మళ్లీ కదలడం ఎక్కే బండికే కష్టం. ఎదుటివాళ్లు కనిపించని మలుపులో హారన్ కొట్టి, మీ వైపే ఉండి తిరగండి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ నీరసిస్తుంది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే పరికరం) లేని ఇంజన్‌కు వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు బలం తగ్గుతుంది, కాబట్టి ఓవర్‌టేక్‌కు మైదానంలో సరిపోయిన జాగా ఇక్కడ చాలదు. వెనక బండ్లు పోగైతే పక్కకు ఆపి దారి ఇచ్చేయండి, వెంటపడేవాళ్లు లేకపోతే మీకూ హాయి. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది, లో బీమ్ చాలు.

2,500 మీటర్లు దాటితే మనుషులనూ గమనించుకోవాలి. 3,000 మీటర్ల పైన, రాత్రి పడుకునే చోటు ముందు రోజు కన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో లేకుండా చూసుకోండి. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా వెంటనే కిందికి దిగాలి. బస బుకింగ్ డబ్బులు పోతాయని ఆలోచించే సమయం కాదది.

దిగేటప్పుడు

ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి. వాలు మొదలవ్వకముందే గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ బండిలో ఎల్ (తక్కువ గేరు) లేదా మాన్యువల్ మోడ్ వాడండి. బ్రేక్ మీద కాలు ఆనించి ఉంచకండి. మలుపుకు ముందు గట్టిగా తొక్కి వదలండి, మధ్యలో అది చల్లబడాలి.

పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్లుంటారు. నిజానికి ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం ఆపేస్తాయి, న్యూట్రల్‌లో ఐతే తాగుతూనే ఉంటాయి. కీ తిప్పి ఇంజన్ ఆపేయడం మరీ ప్రమాదం, స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేక్ బలమూ తగ్గిపోతుంది.

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తగా కిందికి పోయినా బ్రేకులు వేడెక్కాయని అర్థం. వెంటనే గేరు తగ్గించి, వెడల్పయిన చోట పక్కకు ఆపండి. గేరులో ఉంచి, టైర్ల కింద రాళ్లు పెట్టండి. చక్రాల మీద నీళ్లు పోయొద్దు, కాలుతున్న డిస్కు ఒక్కసారిగా చల్లబడితే వంకర పోవచ్చు. అరగంట ఆగి పెడల్ నొక్కి చూడండి. గట్టిగా తగిలితే ఇందాకటి కన్నా ఇంకో గేరు తక్కువలో దిగండి. మెత్తగానే ఉంటే బండి కదపకుండా మెకానిక్‌ను పిలవండి.