ఉబుంటు మార్చే ముందు: గళ్లనుడికట్టు డౌన్‌లోడర్ చెడిపోకుండా కొన్ని జాగ్రత్తలు

అనంతపురంలో పోటీ పరీక్షలకు చదువుకునే మిత్రులు కొందరు ఇంగ్లిషు మీద పట్టు కోసం రోజూ ఒక గళ్లనుడికట్టు పూరిస్తూ ఉంటారు. టెర్మినల్‌లో ఒక్క కమాండుతో గార్డియన్, లాస్ ఏంజెలెస్ టైమ్స్ వంటి పత్రికల గళ్లను పజ్ (.puz) అనే గళ్లనుడికట్టు ఫైలుగా దించిపెట్టే ఎక్స్‌వర్డ్-డీఎల్ అనే పైథాన్ ప్రోగ్రామ్ వారికి ఎంతో అక్కరకు వస్తుంది. అయితే వెబ్ పేజీని తెచ్చేందుకు రిక్వెస్ట్స్, దానిలోని సమాచారాన్ని విడదీసేందుకు బ్యూటిఫుల్‌సూప్, పజ్ ఫైలు రాసేందుకు పజ్‌పై అనే లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలు) దానికి తోడుండాలి. వేసవి సెలవుల్లో తీరిక దొరికిందని ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 22.04 వెర్షన్ నుంచి 24.04కు మారేవారి దగ్గర ఈ తోడు తెగిపోతుంది. ఆ మార్పుతో సిస్టమ్‌లోని పైథాన్ 3.10 పోయి 3.12 వస్తుంది కాబట్టి, పాతదాని కింద పెట్టుకున్న లైబ్రరీలు డిస్కులోనే ఉన్నా కొత్త పైథాన్ కంటికి కనపడవు.

అందువల్ల అప్‌గ్రేడ్ మొదలుపెట్టక ముందే, డౌన్‌లోడర్ చక్కగా పనిచేస్తున్న రోజునే, పైథాన్ లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ అనే పనిముట్టులో 'ఫ్రీజ్' కమాండు ఇచ్చే వెర్షన్ల పట్టికను ఒక ఫైలులో దాచుకోవాలి. ప్రోగ్రామ్ చెడిన తర్వాత ఏ వెర్షన్‌తో పనిచేసేదో గుర్తు చేసుకోవడం దాదాపు అసాధ్యం కనుక, ఉన్న జాగ్రత్తలన్నిటిలో దీన్నే నేను ముందు పెడతాను. కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద అప్‌గ్రేడ్ నడుపుతుండగా కరెంటు పోతే ప్యాకేజీలు సగంలో ఆగిపోతాయి. ఉబుంటు ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీకి కాన్ఫిగర్ ఆప్షన్ ఇచ్చి చాలావరకు సరిచేసుకోవచ్చు గానీ, తెల్లవారుజామున పని పెట్టుకుంటే ఆ తిప్పలకు అవకాశం తగ్గుతుంది.

ఎర్రర్ రానే వస్తే స్క్రీను నిండా పారే వరుసలను చూసి కంగారుపడకుండా అన్నిటికన్నా కింది వరుసను చదవండి, ఎందుకంటే పైథాన్ అసలు కారణాన్ని అక్కడే చెబుతుంది. 'నో మాడ్యూల్ నేమ్డ్ బీఎస్4' అని ఉంటే బ్యూటిఫుల్‌సూప్ దొరకలేదని అర్థం, పిప్‌లో దాని పేరు బ్యూటిఫుల్‌సూప్4. ఎర్రర్‌లో కనిపించే పేరూ ప్యాకేజీ పేరూ ఒకటే కావాలని లేదు. కనిపించిన పేరును యథాతథంగా ఇన్‌స్టాల్ చేయడం ప్రమాదకరం, ఎందుకంటే ప్రసిద్ధ ప్యాకేజీల పేర్లను పోలిన పేర్లతో హానికర ప్యాకేజీలను, పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే పైపీఐ భాండాగారంలోకి ఎక్కించిన ఉదంతాలు ఉన్నాయి. ప్రోగ్రామ్ సొంత సూచనల్లో ఉన్న పేరును సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కండి. 'డిస్ట్‌యుటిల్స్' లేదని వస్తే కారణం వేరు. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 నుంచి ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసేందుకు వాడే ఆ మాడ్యూల్‌ను తొలగించారు. సెటప్‌టూల్స్ అనే ప్యాకేజీ పెడితే తాత్కాలికంగా గట్టెక్కవచ్చు, కానీ దాన్ని కోరుతున్న ప్యాకేజీకి కొత్త వెర్షన్ తెచ్చుకోవడమే సరైన మార్గం.

లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' (ఈ పైథాన్‌ను సిస్టమే చూసుకుంటుంది) అంటూ ఉబుంటు 24.04 అడ్డుపడుతుంది. అది మన మేలు కోరి పెట్టిన అడ్డు. సిస్టమ్‌లోని ఎన్నో పనులు అదే పైథాన్ మీద నడుస్తున్నాయి కనుక, సుడో (నిర్వాహకుడి అధికారం) కలిపి పిప్ నడపడం గానీ, 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్‌తో బలవంతంగా తోయడం గానీ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. గళ్లనుడికట్టు కోసం కంప్యూటరు మొత్తాన్ని పణంగా పెట్టనక్కర్లేదు. ఒక్కో ప్రోగ్రామ్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసే పిప్‌ఎక్స్‌తో పెట్టుకుంటే డౌన్‌లోడర్‌కూ దాని లైబ్రరీలకూ వేరే చోటు ఏర్పడుతుంది. ఇంతకు ముందే పిప్‌ఎక్స్ వాడుతున్నవారు అప్‌గ్రేడ్ పూర్తయ్యాక 'రీఇన్‌స్టాల్-ఆల్' కమాండు ఇస్తే అవన్నీ కొత్త పైథాన్ మీద తిరిగి కూర్చుంటాయి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (లైబ్రరీలకు ప్రత్యేకించిన ఫోల్డరును) స్వయంగా తయారుచేసుకున్నవారు పాత ఫోల్డరును బాగుచేయాలని చూడకుండా, కొత్తది సృష్టించి, దాచుకున్న పట్టిక ప్రకారం లైబ్రరీలు ఎక్కించుకోవాలి. పట్టికలో ఏదైనా పాత వెర్షన్ 3.12కు సరిపడకపోతే ఆ ఒక్కదానికే కొత్త వెర్షన్ వెతకండి. చివరన పిప్ చెక్ నడిపితే ఒకదానితో ఒకటి పొసగనివి ఏవైనా మిగిలితే పేర్లతో సహా చూపిస్తుంది.

లైబ్రరీలన్నీ సక్రమంగా ఉన్నా గళ్లు దిగకపోవచ్చు. చివరి వరుసలో 403, 404 వంటి అంకెలు గానీ జేసన్ డీకోడ్ ఎర్రర్ (వచ్చిన సమాచారాన్ని చదవలేకపోవడం) గానీ కనబడితే పత్రిక తన పేజీని మార్చి ఉండవచ్చు, లేదా ప్రవేశం నిరాకరించి ఉండవచ్చు. అప్పుడు లైబ్రరీలను పదేపదే తీసి పెట్టడం వల్ల హాట్‌స్పాట్ డేటా ఖర్చవడమే తప్ప ఫలితం ఉండదు. డౌన్‌లోడర్‌కే కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడాలి.

తెలిసినవారి సాయం అడిగేటప్పుడు ఎర్రర్ మొత్తాన్నీ, పైథాన్ వెర్షన్‌నూ, ఇచ్చిన కమాండునూ పంపండి. డౌన్‌లోడర్ సెట్టింగులు ఉండే కాన్ఫిగరేషన్ ఫైలును మాత్రం పంపవద్దు, ఎందుకంటే న్యూయార్క్ టైమ్స్ వంటి చందా పత్రికల లాగిన్ కుకీ (మీరు లాగిన్ అయినట్టు గుర్తించే సమాచారం) అందులోనే ఉంటుంది, అది చేతికి చిక్కినవారు మీ ఖాతాను వాడుకోగలరు. పొరపాటున పంపి ఉంటే వెంటనే ఆ ఖాతా పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ అయి, డౌన్‌లోడర్‌లో మళ్లీ లాగిన్ చేయండి.